వెనుక వచ్చేవారి కోసం ఒక దీపం

మన పల్లెలలో రాత్రివేళ ఎడ్లబండి ప్రయాణం చేసిన పెద్దలకు ఒక సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. బండి ఇరుసు కింద ఒక లాంతరు వేలాడుతూ ఉండేది. ఎడ్లకు ఆ వెలుతురుతో పెద్దగా పని లేదు; అవి దారి ఎరిగినవి. బండివానికీ పని లేదు. అతడు తరచు కునికిపాట్లు పడుతూనే ఉండేవాడు. చక్రాల నడుమ ఊగుతూ పోయే ఆ చిన్న వెలుగు ముఖ్యంగా ఇతరుల కోసం. "ఇక్కడొక బండి పోతున్నది సుమా!" అని ఎదురు వచ్చేవారికి, వెనుక వచ్చేవారికి చెప్పడమే దాని పని.

మోటారు కారు వెనుక వెలిగే ఎర్రదీపం చేసే పని కూడ ఇదే. కారుకు గల దీపాలలో ముందు దీపాలు మనకు దారి చూపుతవి. లోపలి దీపం మన మనుషులను మనకు చూపుతుంది. వెనుక దీపం మాత్రం కారు నడిపేవానికి ఎన్నడూ కనిపించదు. అది వెలిగినా అతనికి తెలియదు, ఆరినా అతనికి తెలియదు. పూర్తిగా పరుల కొరకే వెలిగే దీపం అది. బహుశా ఆ కారణం చేతనే అది ఎక్కువ నిర్లక్ష్యానికి గురి అవుతున్నది.

పాతకాలపు కార్లను ప్రేమతో పోషించుకునేవారు మన రాష్ట్రాలలోను కొందరున్నారు. తాతగారు కొన్న అంబాసిడరు, తండ్రిగారు నడిపిన ఫియట్ ఇంటి ముంగిట ఇప్పటికీ మెరుస్తూ నిలిచి ఉండడం అక్కడక్కడ చూస్తూనే ఉన్నాము. వారు రంగు వేయిస్తారు, క్రోమియం పట్టీలకు మెరుగు పెట్టిస్తారు, సీట్లకు కొత్త తొడుగులు కుట్టిస్తారు. వెనుక దీపం మాత్రం అరువది ఏండ్ల నాడు ఎట్లున్నదో అట్లే ఉంటుంది. నిజానికి అట్లే ఉండదు. ఏటేటా కొంత మసకబారుతుంది. ఆ దీపాన్ని కారు పాతరూపు చెడకుండా నేటి రహదారికి తగినట్లు చేయడం ఎట్లా అన్నదే ఈ వ్యాసానికి విషయం.

ఒక సంక్రాంతినాటి పాఠం

ఈ విషయం నాకు పుస్తకంలో తెలిసినది కాదు. మా ఇంట 1960వ దశకపు అంబాసిడరు ఒకటి ఉన్నది. ఒక సంక్రాంతికి తెల్లవారుజామున విజయవాడ నుండి బందరుకు బయలుదేరినాము. రహదారికి ఇరువైపుల పొలాలమీద పొగమంచు దట్టంగా పరచుకొని ఉన్నది. మా మేనల్లుడు మోటారు సైకిలుపై వెనుకనే వస్తున్నాడు. దారికి అడ్డంగా ఒక గేదె రాగా నేను బ్రేకు వేసినాను. వెనుక నుండి టైరు జారిన చప్పుడు, ఆపైన కేక వినిపించినవి. దిగి చూడగా మోటారు సైకిలు రోడ్డు అంచున ఒరిగి ఉన్నది. దైవవశాన అతనికి మోచేయి గీసుకుపోవడం తప్ప మరేమీ కాలేదు.

"మామయ్యా, మీరు బ్రేకు వేసినట్టే నాకు తెలియలేదు. కారు దగ్గరపడుతున్నదని తెలిసేసరికి పది గజాలు కూడా లేదు," అన్నాడతడు, వణుకుతున్న గొంతుతో.

అతని చేత బ్రేకు తొక్కించి నేను వెనుక నిలబడి చూసినాను. ఎడమ దీపం కుంకుమబొట్టువలె మినుకుమినుకుమంటున్నది. కుడి దీపం వెలిగినదో లేదో చెప్పడం కష్టం. పది సంవత్సరాలుగా ఆ కారును తుడిచి, కడిగి, మురిసిపోతున్న నేను దాని వెనుక నిలబడి దీపాన్ని చూడడం అదే మొదటిసారి. తప్పు కారుది కాదు, పిల్లవానిది కాదు, నాది.

దూరం, వేగం, కాలం

ఈ ప్రమాదాన్ని లెక్కలో పెట్టి చూడడం విద్యార్థులకు కష్టం కాదు. మనదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి కారు వెనుక ఎర్రదీపం ఎంత దూరం నుండి కనిపించవలెనో నిర్ణయించినది. నంబరు పలకపై పడే తెల్లని వెలుతురులో ఆ నంబరును 15 మీటర్ల దూరం నుండి చదవగలగవలె. ఇవి కనీస నియమాలు మాత్రమే. ఒక కారు వెనుక దీపం 75 మీటర్ల దూరం నుండి కనిపిస్తున్నదనుకొందాము.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనుకు రమారమి 22 మీటర్లు ముందుకు పోతుంది. రోడ్డుపై ఆగి ఉన్న కారు వెనుక దీపాన్ని దాని డ్రైవరు చూచి, అది ఏమిటో గ్రహించి, కాలును బ్రేకు మీద పెట్టడానికి ఒకటిన్నర సెకను పట్టుననుకొందాము. ఈలోగా 33 మీటర్లు గడచిపోతవి. మంచి పొడి రోడ్డు మీద బ్రేకులు గట్టిగా పట్టినా, వాహనం ఆగడానికి మరొక 35 మీటర్లు కావలె. మొత్తం 68 మీటర్లు. అనగా 75 మీటర్లలో మిగిలినది ఏడే మీటర్లు. రోడ్డు తడిసి ఉన్నదా, బ్రేకుల పట్టు సగానికి దగ్గరగా తగ్గి, ఆగే దూరం మొత్తం 95 మీటర్ల వరకు పోతుంది. అప్పుడు 75 మీటర్ల దీపం చాలదు. 30 మీటర్లకు గాని కనిపించని దీపం ఉన్న కారు సంగతి వేరే చెప్పనక్కరలేదు. వెనుకవాడు బ్రేకు మీద కాలు పెట్టేసరికే దానిని చేరుకుంటాడు.

అంబాసిడరు కారు ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారునుండి పుట్టినది. 1950వ దశకం చివర కలకత్తా సమీపాన హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపారలో తయారు కాసాగి, 2014 వరకు మన రోడ్లపైకి వస్తూ ఉండినది. దీని తొలి రూపానికి వెనుక దీపాలు గీసిన నాడు రోడ్లపై లారీలు తక్కువ, వేగం తక్కువ, చుట్టూ వెలుతురూ తక్కువే. కటిక చీకటిలో చిన్న దీపమైనా కొట్టవచ్చినట్లు కనబడుతుంది. నేడు దారి పొడవునా దుకాణాల దీపాలు, ఎదురు వచ్చే బండ్ల కళ్లు చెదిరే కాంతి. వీటి మధ్య పాత కారు చిన్నదీపం సంతలో పసిపిల్లవాని గొంతువలె వినబడకుండా పోతున్నది.

మొదట ఉన్న బల్బుకు అన్నం పెట్టవలె

మరుసటి వారం కారును విజయవాడ ఆటోనగరులో ఒక వృద్ధ మేస్త్రీ దగ్గరకు తీసుకొనిపోయినాను. కొత్తరకం కాంతివంతమైన బల్బులు వేయవలెనని నా కోరిక. ఆయన దీపం గాజు విప్పి, లోపలికి తొంగిచూచి నవ్వినాడు.

"మాస్టారూ, కొత్త బల్బు సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ ఉన్న బల్బుకు అన్నం పెడదాం. ఇది ఆకలితో ఉంది," అన్నాడు.

ఆ మాటలో విద్యుచ్ఛాస్త్రమంతా ఉన్నది. కారులో ప్రతి దీపానికి బాటరీ నుండి ఒక తీగ మాత్రమే వస్తుంది. విద్యుత్తు తిరిగి పోయే దారి కారు ఇనుప శరీరమే. దీనినే మెకానిక్కులు ఎర్తు అంటారు. దీపపు పాత్ర కారు రేకును తాకే చోట రంగు, తుప్పు, మన్ను చేరితే ఆ తిరుగుదారి ఇరుకవుతుంది. బల్బు మంచిదే, బాటరీ మంచిదే. కాని బల్బుకు చేరవలసిన వోల్టులలో కొన్ని తుప్పు దగ్గరే హరించిపోతవి.

ఎంత హరించిపోతవో చూతము. బ్రేకు దీపపు బల్బు సాధారణంగా 21 వాట్లది. 12 వోల్టుల మీద అది ఒకటిముప్పాతిక ఆంపియరు తీసుకుంటుంది. అనగా దాని నిరోధం సుమారు 6.9 ఓములు. ఇప్పుడు తుప్పు వలన దారిలో ఒక్క ఓము నిరోధం అదనంగా చేరినదనుకొందాము. బల్బుకు దక్కేది పదిన్నర వోల్టులే. పోయినది ఒకటిన్నర వోల్టే కదా అని సరిపెట్టుకోరాదు. తంతువుతో వెలిగే బల్బు కాంతి వోల్టేజీని బట్టి సమానంగా తగ్గదు, అంతకంటె చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే కాంతి దాదాపు మూడో వంతు పడిపోతుంది. పై లెక్కలో ఒక్క ఓము తుప్పు మూడింట ఒక వంతుకు మించిన కాంతిని మింగివేసినది.

దీనికి మందు చాలా చవక. దీపాన్ని విప్పి, అది రేకును తాకే చోట గరుకు కాగితంతో రుద్ది లోహం మెరిసేటట్లు చేయవలె. బల్బు కూర్చునే గూటిలోని పచ్చని కిలుమును తీసివేయవలె. అడుగున ఉండే స్ప్రింగు బిగువు చూడవలె. అన్నిటికంటె మేలైన పని, ప్రతి దీపపు పాత్రనుండి కారు చట్రానికి ప్రత్యేకంగా ఒక నల్లతీగ వేసి ఎర్తు కల్పించడం. మా మేస్త్రీ చేసినది అదే. తరువాత దీపం వెలిగించి, వోల్టుమీటరు ఒక కొనను దీపపు పాత్రకు, రెండవ కొనను బాటరీ ఎర్తు కొనకు ఆనించి చూపినాడు. మొదట ఒకటిన్నర వోల్టు చూపిన ముల్లు పావు వోల్టుకు దిగినది. కొత్త బల్బు ఒక్కటైనా కొనకుండానే కుడి దీపం కళ్లు తెరిచినది.

లోపలి అద్దం, వెలుపలి గాజు

బల్బు కాంతి అన్ని దిక్కులకు చిమ్ముతుంది. వెనుకకు పోవలసిన కాంతిని పోగుచేసి పంపేది బల్బు వెనుక ఉన్న తళతళలాడే గిన్నె. ఏండ్లు గడిచేకొద్దీ దాని పూత రాలి తుప్పు రంగుకు తిరుగుతుంది. నల్లని గిన్నెలో వెలిగే దీపం సగం కాంతిని గిన్నెకే ధారపోస్తుంది. దానికి మరల పూత పూయించడం ఉత్తమం. వీలుకాకపోతే శుభ్రంగా తుడిచి తెల్లని ఎనామెల్ రంగు వేసినా చాలా మార్పు కనబడుతుంది.

వెలుపలి ఎర్ర మూతను సబ్బు నీటితో లోపల, వెలుపల కడగవలె. పెట్రోలు వంటి ద్రవాలతో తుడిస్తే ప్లాస్టిక్ మూత పొగచూరినట్లు పాలిపోవచ్చు, బీటలూ వారవచ్చు. మూతకు, పాత్రకు నడుమ ఉండే రబ్బరు పట్టీ ఎండి పగిలిపోతే వానాకాలంలో నీరు చొరబడుతుంది. చేసిన పని అంతా ఒక్క ఋతువులో వ్యర్థమవుతుంది. కనుక ఆ పట్టీని కొత్తది వేయడం మరువరాదు.

బ్రేకు దీపాన్ని వెలిగించే స్విచ్చి సంగతి వేరు. అనేక పాత కార్లలో ఇది బ్రేకు నూనె గొట్టానికి అమర్చి ఉంటుంది. నూనె ఒత్తిడి పెరిగినప్పుడు లోపలి పలకలు కలుసుకొని దీపం వెలుగుతుంది. ఆ పలకలు కాలి నల్లబడితే, బ్రేకు గట్టిగా నొక్కితే గాని దీపం వెలగదు. మెల్లగా వేగం తగ్గించే పెద్దమనిషి వెనుకవారికి ఏ కబురూ ఇవ్వనట్లే లెక్క. స్విచ్చిని మార్చి, దానికి తోడు ఒక రిలే పెట్టినచో దీపాల కరెంటు భారమంతా రిలే మోస్తుంది. స్విచ్చి చిరకాలం ఉంటుంది. ఆనాటి చాలా బ్రిటిషు కార్లలో వెనుక దీపాల తీగకు ఫ్యూజు కూడ ఉండదు. ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకొని రేకును తాకితే తీగెలు కాలిపోయే అపాయం ఉన్నది. ఆ దారిలో చిన్న ఫ్యూజు ఒకటి వేయడం కొద్దిపాటి ఖర్చుతో గొప్ప రక్షణ.

ఎరుపుకు ఎరుపే తోడు

ఇంత చేసిన తరువాతనే కొత్త బల్బుల మాట. ఎల్.ఇ.డి. అనే దీపాలను నేడు ఎరుగనివారు లేరు. వీటిలో కంటికి కనిపించే ఎర్రకాంతిని ఇచ్చే దానిని 1962లో అమెరికాలో నిక్ హొలోన్యాక్ అనే శాస్త్రజ్ఞుడు నిర్మించినాడు. మా కారు, ఆ ఎర్రదీపం ఇంచుమించు ఒక ఈడువి అన్నమాట! అరువది ఏండ్ల తరువాత ఆ ఇద్దరు తోటివారు కలుసుకున్నారు.

పాత బల్బులో సన్నని టంగ్‌స్టన్ తంతువు కాగి వెలుగుతుంది. తీసుకున్న శక్తిలో పదో వంతైనా కాంతిగా మారదు, తక్కినదంతా వేడి. ఆ కాంతిలో నుండి కూడ ఎర్ర మూత ఎరుపును మాత్రమే వెలుపలికి పోనిచ్చి, తక్కిన రంగులను తన దగ్గరే ఆపివేస్తుంది. ఎర్రని ఎల్.ఇ.డి. పుట్టుకతోనే ఎరుపు. మూత దానిని ఆపవలసిన పని ఉండదు. అందుచేత రెండు మూడు వాట్లతోనే అది పాత బల్బుకు సాటి రాగలదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. తెల్లని దీపం అన్నిటికంటె ప్రకాశవంతంగా కనబడుతుంది గనుక తెల్ల ఎల్.ఇ.డి. కొని ఎర్ర మూత వెనుక పెడతారు. తెల్ల ఎల్.ఇ.డి. పుట్టుకలో నీలి దీపం. దానిపై పసుపుపచ్చని పూత పూసి తెలుపు అనిపిస్తారు. దానిలో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర మూత నీలాన్ని, పచ్చను ఆపివేయగా మిగిలేది స్వల్పం. చేతిలో సూర్యునివలె వెలిగిన దీపం మూత వెనుక పాలిపోయి గులాబి రంగుగా కనబడుతుంది. ఎర్ర మూత వెనుక ఎర్రదీపం, నారింజ మూత వెనుక నారింజ దీపం పెట్టవలెననే సూత్రాన్ని విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక. ఒక దీపమే పక్కకు తెరిచిన చిన్న కిటికీ ద్వారా నంబరు పలకకూ వెలుతురు ఇచ్చే కార్లలో మాత్రం ఎర్రదీపం పెట్టరాదు. పలకపై తెల్లని వెలుగే పడవలె గదా!

ఎల్.ఇ.డి.లో మరొక గొప్ప గుణం ఉన్నది. పాత తంతువు కాగి పూర్తి కాంతికి రావడానికి సుమారు ఒక సెకనులో ఐదో వంతు కాలం పడుతుంది. ఎల్.ఇ.డి. తక్షణమే వెలుగుతుంది. ఐదో వంతు సెకను ఏపాటి అని తీసివేయరాదు. 80 కిలోమీటర్ల వేగంలో అది నాలుగు మీటర్లకు పైబడిన దూరం. అంబాసిడరు కారు మొత్తం పొడవు సుమారు 4.3 మీటర్లు. అనగా బల్బు మార్చినంత మాత్రాన వెనుకవానికి ఒక కారు పొడవు చోటు దానం చేసినట్లు.

అయితే పాత కారులో ఇవి అమర్చడానికి రెండు చిక్కులు ఉన్నవి. ఆనాటి బ్రిటిషు కార్లలో అనేకం బాటరీ ధనధ్రువాన్ని ఇనుప శరీరానికి కలిపినవి; నేటి కార్లలో ఋణధ్రువం కలుస్తుంది. తంతువు గల బల్బుకు ఏ దిక్కున కరెంటు పోయినా ఒక్కటే. ఎల్.ఇ.డి. మాత్రం ఒకే దిక్కున కరెంటును పోనిస్తుంది. కనుక మొదట బాటరీ వద్ద ఏ కొన శరీరానికి కలిసి ఉన్నదో చూచి, దానికి తగిన బల్బునే అడిగి కొనవలె. రెండవ చిక్కు మలుపు దీపాలది. పాత ఫ్లాషరు పెట్టెలో కరెంటు వేడికి వంగి మరల నిటారయ్యే లోహపు పట్టీ ఉంటుంది. ఎల్.ఇ.డి. తీసుకునే కొద్దిపాటి కరెంటు దానిని వేడి చేయజాలదు. దీపం మినుకడం మాని ఊరక వెలుగుతూ ఉంటుంది. అటువంటప్పుడు కరెంటుపై ఆధారపడని ఎలక్ట్రానిక్ ఫ్లాషరు వేయవలె.

అధిక కాంతి కూడ అపాయమే

వెనుక దీపం ఒకే గూటిలో రెండు మాటలు చెబుతుంది. మొదటి మాట "నేనిక్కడ ఉన్నాను" అని. దానికి 5 వాట్ల తంతువు. రెండవ మాట "నేను ఆగుతున్నాను" అని. దానికి 21 వాట్ల తంతువు. ఒకే బల్బులో ఈ రెండు తంతువులూ ఉంటవి. బల్బు మొదట ఉన్న రెండు చిన్న మేకులు ఒకే ఎత్తులో ఉండవు. బల్బును తిరగవేసి పెట్టకుండా ఉండడానికే ఆ ఏర్పాటు. గూడు అరిగిపోయిన పాత కార్లలో తొందరపడి నొక్కితే తిరగబడి కూడ కూర్చుంటుంది. అప్పుడు కారు ఎల్లప్పుడూ "ఆగుతున్నాను" అని అరుస్తూ పోతుంది. నిజంగా ఆగినప్పుడు వేరే చెప్పడానికి మాట ఉండదు.

ఈ రెండు మాటలకు నడుమ గల తేడాయే వెనుకవానికి అసలు సమాచారం. 5 వాట్లకు, 21 వాట్లకు నాలుగు రెట్ల తేడా ఉన్నది. కాంతి పెంచుదామనే ఉత్సాహంలో ఉనికిదీపాన్ని మితిమీరిన ప్రకాశంతో వెలిగిస్తే, బ్రేకు వేసినప్పుడు దీపం మారినట్లే తోచదు. పైగా వెనుకవాని కళ్లు చెదరుతవి. అదేపనిగా గట్టిగా మాట్లాడేవాడు నిజంగా కేక వేసినప్పుడు ఎవరూ పట్టించుకోరు కదా! ఉపాధ్యాయులకు ఈ సంగతి తరగతి గదిలో అనుభవమే.

మూడవ దీపం

ఇటీవలి కార్లకు వెనుక అద్దం మధ్యన, ఎత్తున, మూడవ బ్రేకు దీపం ఉండడం చూస్తున్నాము. దీనికి ఒక చరిత్ర ఉన్నది. 1974లో జాన్ వోయెవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 343 టాక్సీలకు వెనుక ఒక అదనపు హెచ్చరిక దీపం అమర్చి పరీక్షించినాడు. వెనుకనుండి ఢీకొనే ప్రమాదాలు సుమారు 60 శాతం తగ్గినట్లు తేలినది. ఆపై మరికొన్ని పరీక్షలు జరిగి, 1986 నమూనా కార్ల నుండి అమెరికాలో మూడవ బ్రేకు దీపం తప్పనిసరి అయినది.

కాని తరువాతి కథ కూడ చెప్పవలె. ఆ దీపం అన్ని కార్లకు వచ్చి, అందరి కళ్లకు అలవాటైన తరువాత, ఆ ప్రభుత్వమే లెక్కలు తీయగా దాని వలన తగ్గిన ప్రమాదాలు నాలుగు శాతం పైచిలుకు మాత్రమే. కొత్తలో వింత, అలవాటైతే మామూలు. అయినను నూటికి నలుగురు క్షేమంగా ఇల్లు చేరడం చిన్న లాభం కాదు. ఆ దీపం మధ్యనున్న వాహనపు అద్దాలగుండా మూడవ వాహనానికి కూడ కనబడుతుంది.

పాత కారుకు దీనిని అమర్చడం సులభం. వెనుక అద్దం లోపలి వైపు, సీటు వెనుక పలకపై, చిన్న ఎర్రని ఎల్.ఇ.డి. పట్టీ పెట్టి, దాని తీగను బ్రేకు దీపపు తీగకు కలపవలె. లూకాస్ పద్ధతి తీగల కారులో ఆకుపచ్చ తీగపై ఊదా గీత ఉన్నదే బ్రేకు దీపపు తీగ, ఎర్రతీగ ఉనికిదీపానిది. కారు రేకుకు ఒక్క రంధ్రమైనా చేయవలసిన పని లేదు. ప్రదర్శనకు తీసుకుపోయే రోజున ఊడదీసి డిక్కీలో పెట్టవచ్చును.

విద్యుత్తు బొత్తిగా లేనప్పుడు ఆదుకునేవి ప్రతిఫలక ఫలకాలు. బాటరీ చచ్చి దారిలో ఆగిన కారుకు అవే దిక్కు. వాటి గాజులో వందలాది చిన్న మూలలు ఉంటవి. ఒక్కొక్క మూల మూడు చదునైన ముఖాలు ఒకదానికొకటి లంబంగా కలిసినది. అటువంటి మూలలో పడిన వెలుగు మూడుసార్లు తిరిగి, వచ్చిన దిక్కుకే మరల పోతుంది. వెనుకవాని ముందు దీపాల కాంతినే అతనికి తిరిగి అందించడం దాని చమత్కారం. ఇంట్లో మూడు చిన్న అద్దాలను లంబంగా అతికించి, టార్చిదీపంతో ఈ ప్రయోగం ఎవరైనా చేసి చూడవచ్చును.

పాతరూపు మాటేమిటి?

"ఇన్ని మార్పులు చేస్తే అది పాత కారు ఎట్లవుతుంది?" అని అడిగే మిత్రులున్నారు. వారి ప్రశ్న కొట్టివేయదగినది కాదు. 2021లో మన కేంద్ర ప్రభుత్వం ఏబది ఏండ్లు దాటిన వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకునే ఏర్పాటు చేసినది. అవి మూలరూపంలో ఉండవలెనని, పెద్ద మార్పులకు లోనుకారాదని అందులో నియమం. అవి దినవారీ ప్రయాణాలకు కాక ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కవలె. అట్లు నమోదు చేయించుకున్నవారు ఏ మార్పు చేయబోయినా ముందుగా రవాణా కార్యాలయంలో అడిగి చేయడం క్షేమం.

ఈ విషయంలో నేను పెట్టుకున్న హద్దు ఒకటే. చేసిన ప్రతి పనిని ఒక్క పూటలో తిరిగి పూర్వస్థితికి తేగలగవలె. దీపపు పాత్రలు, మూతలు పాతవే. తీసిన బల్బులు, ఫ్లాషరు పెట్టె చీటీ అంటించి బీరువాలో దాచినాము. బయటినుండి చూచేవానికి కారు 1960వ దశకంలో ఎట్లున్నదో అట్లే కనబడుతుంది. రాత్రి వెనుక వచ్చేవానికి మాత్రమే తేడా తెలుస్తుంది. తేడా తెలియవలసినది అతనికే.

అంతా పూర్తి అయిన నాటి సాయంత్రం మసకచీకటి పడుతున్న వేళ మా వీధి చివర కారు నిలిపి, దాని వెనుక నుండి వంద అడుగులు నడిచినాను. ఒక్కొక్క అడుగుకు ముప్పాతిక మీటరు. మొత్తం 75 మీటర్లు. అక్కడ నిలబడి చేయి ఊపినాను. కారులో కూర్చున్న మా మేనల్లుడు బ్రేకు తొక్కినాడు. దీపాలు ఒక్కసారి గుప్పున ఎర్రబడినవి. వీధిలో ఆడుకుంటున్న పిల్లలు కూడ ఆగి అటు చూసినారు.

పాత కారు ఉన్నవారే కాదు, ఏ బండి ఉన్నవారైనా ఈ వంద అడుగులు నడిచి చూడవచ్చును. స్కూటరుకు, ట్రాక్టరుకు, వాటి వెనుక కట్టే ట్రక్కులకు కూడ వెనుక దీపం ఉండవలసినదే. తరగతిలో భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఒక సాయంత్రం పిల్లలను పాఠశాల ఆవరణలోకి పిలిచి, టేపుతో 75 మీటర్లు కొలిపించి, తమ బండి దీపాన్నే చూపవచ్చును. ఓము సూత్రం, కాంతి పరావర్తనం, వేగము, దూరము — అన్నీ ఆ ఒక్క చోటనే దొరుకుతవి.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనని పెద్దల సామెత. దీపాన్నే చక్కబెట్టుకోవలసిన అవసరం కూడ అప్పుడప్పుడు వస్తుంది. మా మేనల్లుని మోచేతి మీద ఆ సంక్రాంతి గీత ఇప్పటికీ ఉన్నది. కారు తీసిన ప్రతిసారి, ఎక్కి కూర్చోబోయే ముందు, నేను ఒకసారి వెనుకకు నడిచి చూస్తున్నాను.